మొదటిరోజు పెన్ను తీయకూడదు

మా ఆఫీసు ఉన్నచోట ఇప్పుడు గోళ్ళకు రంగులు వేస్తున్నారు. కింద పళ్ళ డాక్టరు, పైన మేము. మెట్లెక్కి వెళ్తే ఒకటే గది. కిటికీ పక్కన సార్ బల్ల, తలుపు పక్కన నా బల్ల, రెండింటికీ మధ్య బైండింగ్ మిషను. బస్సులో ఆ వీధిన వెళ్ళినప్పుడల్లా నా తల దానంతటదే పైకి లేస్తుంది. కిటికీలో గులాబిరంగు లైటు వెలుగుతూ ఉంటుంది. ఎవరో ఒకమ్మాయి చెయ్యి చాచి కూర్చుని కనిపిస్తుంది. ప్రభువా, ఆ గది మాకు పెట్టినట్టే వీళ్ళకూ అన్నం పెట్టాలి అనుకుంటాను. ఈలోగా బస్సు మలుపు తిరిగిపోతుంది.

ఊరు లండన్. మా బంధువుల్లో సగంమంది నేను ఇంగ్లండులో ఉన్నాననే ఇప్పటికీ అనుకుంటారు. కాదండీ, ఇది కెనడాలో ఒంటారియోలో ఉన్న లండన్ అని మొదట్లో చెప్పి చూశాను. ఇక్కడి నదికి కూడా థేమ్స్ అనే పేరు పెట్టుకోవడం వల్ల ఆ వాదనలో ఎన్నడూ నెగ్గలేకపోయాను. మా వారికి ఇక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చి వచ్చాం. నేను మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ దగ్గర చేరతానని, ఆఖరికి నన్ను కూడా జనం ఆ పేరుతోనే పిలుస్తారని ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. ఎందుకంటే నేను బడి గడప తొక్కిన మనిషిని కాను.

మా నాన్న గోదావరి కాలువ మీద లాకు సూపరింటెండెంటు. పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే ఆ లాకుల పక్కనే మా క్వార్టర్సు. చిన్నప్పుడు నాకు కీళ్ళజ్వరం వచ్చి, గుండెకు మంచిది కాదు, దూరం నడిపించొద్దని డాక్టరు చెప్పారు. బడి చూస్తే కాలువకు అవతల, చాలా దూరం. అందుకని అమ్మే చదువు చెప్పింది. పెళ్ళికి ముందు తను మిషనరీ స్కూల్లో టీచరు. ముందు చిన్న ప్రార్థన, తర్వాత పాఠం. పాఠం చదివాక పుస్తకం మూయించి, నా మాటల్లో చెప్పమనేది. అంతటితో వదిలేది కాదు. "ఇందులో నీకు అర్థం కానిది ఒకటి తీసుకురా" అనేది. ఏమీ లేదమ్మా, అంతా అర్థమైంది అన్నానా, "అయితే నువ్వు చదవలేదు, చూశావంతే. మళ్ళీ చదువు" అని పుస్తకం చేతిలో పెట్టేది. అలాగే ప్రైవేటుగా పది రాశాను. అలాగే పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని డిగ్రీ పూర్తి చేశాను. అంతకంటే మంచి చదువు ఎక్కడైనా దొరికేదని నేను అనుకోను.

సార్‌ది గుంటూరు వైపు. ఇక్కడికి వచ్చి చాలా కాలమైంది. పెద్ద కంపెనీలో పనిచేసి, అది వదిలేసి సొంతంగా ఈ చిన్న ఆఫీసు పెట్టుకున్నారు. రిపోర్టులు టైపు చేయడానికి మనిషి కావాలని ఇండియన్ గ్రోసరీ షాపులో కాగితం అంటించారు. కందిపప్పు కొనడానికి వెళ్ళి ఉద్యోగం తెచ్చుకున్నాను.

"ఏ స్కూలమ్మా మీది?" అన్నారు మొదటిరోజు.

"స్కూలు లేదండీ. మా అమ్మ చెప్పింది."

"ఏం చెప్పింది?"

చెప్పాను. పుస్తకం మూయించడం, అర్థం కానిది ఒకటి తీసుకురమ్మనడం, అంతా. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత నీలం అట్ట వేసిన లావుపాటి రిపోర్టు ఒకటి చేతికిచ్చి, "ఇది ఇంటికి తీసుకెళ్ళు. రేపు అర్థం కానిది ఒకటి తీసుకురా" అన్నారు.

మర్నాడు వెళ్ళి, "సినర్జీ అనే మాట ప్రతి పేజీలో ఉందండీ. దాన్ని తీసేస్తే ఏం పోతుందో అర్థం కాలేదు" అన్నాను.

ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "ఏమీ పోదమ్మాయ్. సగం పేజీలు పోతాయి. పేజీలు పోతే మనం కూడా పోతాం. కాబట్టి కొన్ని ఉంచు, కొన్ని తీసెయ్" అన్నారు. ఆ రోజు నుంచి ఆయనకు నేను అమ్మాయ్, నాకు ఆయన సార్.

ఇంతకీ మేం చేసేదేమిటో ఒకసారి మా ప్రార్థన సంఘంలో ఒక ఆంటీగారు అడిగారు. ఏదైనా సంస్థకి తన లోపల ఏం చెడిందో తెలియనప్పుడు, తెలిసినా తన నోటితో తను చెప్పుకోలేనప్పుడు, బయటి మనిషిని పిలిచి చెప్పించుకుంటుంది ఆంటీ, ఆ బయటి మనుషులం మేము అన్నాను. "పెళ్ళి సంబంధాలు కుదిర్చేవాళ్ళ లాగానా?" అన్నారావిడ. ఆ మాట సార్‌కి చెబితే, "దాదాపు అంతే. కాకపోతే మనల్ని కాపురం చెడ్డాక పిలుస్తారు" అన్నారు.

ఆయనకొక నియమం ఉండేది. కొత్త క్లయింటు దగ్గరికి వెళ్ళిన మొదటిరోజు పెన్ను తీయకూడదు. కాగితం తీయకూడదు, ల్యాప్‌టాప్ అసలే తీయకూడదు. వాళ్ళ క్యాంటీన్లో కాఫీ తీసుకుని, జనం ఎక్కువగా తిరిగేచోట ఊరికే కూర్చోవాలి. పలకరిస్తే మాట్లాడాలి. సాయంత్రం కారులో నన్ను అడిగేవారు, "అర్థం కానిదేంటి?" అని. మా అమ్మ ప్రశ్నను ఆయన అలా మా ఆఫీసు ఆనవాయితీ చేసేశారు. ఒక ఆసుపత్రిలో రోగులకి అన్నం చల్లారిపోయి అందుతోందంటే వెళ్ళాం. భోజనం బండ్లు లిఫ్టు కోసం ఆగే మూల ఒక బెంచీ ఉంది. రోజంతా దాని మీద కూర్చుంటే సగం రిపోర్టు అక్కడే దొరికింది. మిగతా సగం సినర్జీ.

రిపోర్టు పూర్తయిన రోజు పండగలా ఉండేది. మిషను పళ్ళు కాగితాల అంచుల్ని కరకరమని కొరికే చప్పుడు, వేడి కాగితం వాసన, నల్లటి స్పైరల్ ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టడం. నీలం అట్ట సార్ స్వయంగా వేసేవారు. నేను దాని మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఇది ఎవరి ఉద్యోగమూ తీయకుండా ఎవరికో ఒకరికి మేలు చేయాలని ప్రార్థన చేసేదాన్ని. సార్‌కి పూజలూ లేవు, ప్రార్థనలూ లేవు. అయినా కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసేవారు. "అయిందా? పైవాడు అప్రూవ్ చేశాడా? ఏమైనా కరెక్షన్లు చెప్పాడా?" అనేవారు. "ఆఖరి పేజీలో అచ్చుతప్పు ఉందన్నాడు సార్" అంటే నిజమేమోనని ఒకసారి తెరిచి చూశారు కూడా.

అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. తర్వాత మా పని రూపం మారడం మొదలైంది. ఒక్కసారిగా కాదు, ఇంటి గోడ రంగు వెలిసినట్టు. ఒక క్లయింటు, లావు పుస్తకం వద్దు, స్లైడ్లు చాలన్నారు. ఇంకొకరు, స్లైడ్లు కూడా ఎక్కువే, ఒక్క పేజీ పంపండి అన్నారు. మునుపు మాలాంటి వాళ్ళని పిలిచిన సంస్థలే, పెద్ద కంపెనీల్లో పనిచేసి వచ్చిన కుర్రవాళ్ళని సొంతంగా పెట్టుకున్నాయి. మహమ్మారి వచ్చి క్యాంటీన్లు మూసేశాక, మనుషుల్ని చూడకుండానే సలహా చెప్పొచ్చని అందరికీ తెలిసిపోయింది. సలహా వద్దు, ఎప్పటికప్పుడు అంకెలు చూపించే డాష్‌బోర్డ్ కావాలి, ఏడాదికింత అని చందా కడతాం అనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత, మేం వారాల తరబడి రాసేది క్షణాల్లో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటిలో సినర్జీ మాకంటే ఎక్కువ ఉండేది.

సార్ అలిగి కూర్చునే మనిషి కాదు. అరవై దాటిన వయసులో చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆన్‌లైన్ క్లాసులు విన్నారు. హోంవర్క్ చేసి, మార్కులు వస్తే నాకు చూపించేవారు. "అమ్మాయ్, ఈ డాష్‌బోర్డులో పచ్చరంగు ఎక్కడ దాచారు?" అని అరిచేవారు గది అటుచివర నుంచి. తనకంటే వయసులో ఎంతో చిన్నవాళ్ళని గురువుగారూ అని పిలుస్తూ నేర్చుకున్నారు. ఆ వినయం చూసి ఎన్నిసార్లు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నానో. బైండింగ్ మిషను మీద మాత్రం ఒకరోజు తువ్వాలు కప్పారు. దుమ్ము పడకుండా అన్నారు.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే మా ఊళ్ళోకి పిల్లలు పోటెత్తారు. అంతకుముందు బస్సులో తెలుగు మాట వినబడితే వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. ఇప్పుడు బస్సంతా తెలుగే. వరంగల్, కరీంనగర్, ఒంగోలు, కాకినాడ, అన్ని యాసలూ ఒకే సీటు కోసం తోసుకునేవి. వీపున బ్యాగు, చేతిలో ఫోను, కొత్త జాకెట్టుకి ఇంకా తీయని ధరల చీటీ. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘానికి ఒక చర్చివాళ్ళు హాలు వాడుకోనిచ్చేవారు. పది కుటుంబాల వాళ్ళం అక్కడ కూడుకుని, ఆరాధన అయ్యాక కలిసి తినేవాళ్ళం. ఈ పిల్లలు రావడంతో గిన్నెలు సరిపోక పక్క వీధి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. వచ్చినవాళ్ళలో అన్ని మతాల పిల్లలూ ఉండేవారు. వీళ్ళు ప్రార్థనకి వస్తున్నారా, పప్పుచారుకి వస్తున్నారా అని ఎవరో గొణిగారు. అది దేవుడికి తెలుసు. నేను ఇంకో గ్లాసు బియ్యం పోసేదాన్ని.

ఆ పిల్లలు చేరిన ఒక కాలేజీ నుంచే సార్‌కి పిలుపు వచ్చింది. కాలేజీ పేరు రాయను, వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. బయటి దేశాల నుంచి వచ్చిన పిల్లలు ఫీజు కట్టి కూడా క్లాసులకి రావడం లేదు, కొందరు మధ్యలో వదిలేస్తున్నారు. ఎందుకో తెలుసుకోవాలి. పిల్లల అభిప్రాయాలు ఫోన్లలోనే సేకరించి డాష్‌బోర్డ్ చేసి పెట్టండి, బాగుంటే ప్రతి ఏడూ మీకే ఇస్తాం అన్నారు.

మా ఆఫీసు లీజు ఆ చలికాలం దాటాక అయిపోతోంది. సార్ దాచుకోకుండా చెప్పారు. "చూడమ్మాయ్, ఈ ఒక్కటీ నిలబడితే మనం ఉంటాం. లేకపోతే దుకాణం కట్టేసి, వాంకూవర్ పక్కన బర్నబీలో మా అమ్మాయి దగ్గరకెళ్ళి మనవణ్ణి స్కూల్లో దింపుతా. అది మంచి ఉద్యోగమే, కాకపోతే వాడు నా సలహా వినడు."

నవ్వారు గానీ, ఆయన చేతులు బల్ల అంచుని పట్టుకునే ఉన్నాయి.

సర్వే పిల్లలందరి కాలేజీ మెయిళ్ళకి వెళ్ళింది. ఎప్పుడూ చూడనంతమంది జవాబిచ్చారు. క్లాసులు ఎలా ఉన్నాయి, టీచర్లు ఎలా ఉన్నారు, టైంటేబులు ఎలా ఉంది, ప్రతిదానికీ ఐదుకి ఐదు. సార్ జీవితంలో చేసిన మొదటి డాష్‌బోర్డ్ నిండా పచ్చరంగు, వరి నాట్లు పూర్తయిన పొలంలా. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, "నేర్చుకున్నానా లేదా?" అన్నారు. మనసారా మెచ్చుకున్నాను. కానీ ఇంటికి వచ్చాక ఆ పచ్చదనం నా కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆదివారం నాడు పప్పుచారు తిని, అక్కడే కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే నిద్రపోయే పిల్లలు గుర్తొచ్చారు.

ఆ ఆదివారం వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఒకమ్మాయిని అడిగాను. తనది హనుమకొండ. తెల్లవారుజామున కాఫీ షాపులో పని, పగలు అదే కాలేజీలో చదువు. ఎంత వద్దన్నా ఊరుకోదు, తిన్న ప్రతివారమూ అంట్లు తోమి గానీ వెళ్ళదు.

"కాలేజీ సర్వే వచ్చిందటగా. ఏం రాశావమ్మా?"

"నిజం చెప్పాల్నా ఆంటీ?"

"అబద్ధం చెప్పేటట్టయితే ముందు ఆ కుక్కర్ తోమి చెప్పు."

నవ్వింది. "అన్నిట్లకు ఫైవ్ కొట్టిన ఆంటీ. నేనే గాదు, అందరం కొట్టినం. మా గ్రూపుల మెసేజ్ పెట్టిండ్రు. లింక్ వస్తది, ఫైవ్ కొట్టుర్రి, కింద డబ్బాల ఏం రాయకుర్రి అని."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవ్వరు అనలే. అలవాటు ఆంటీ. మా ఇంజనీరింగ్ కాలేజీల ఇన్‌స్పెక్షన్ అంటే గిట్లనే జేసేటోళ్ళం. సార్ ముందుగాలనే వచ్చి, అన్నీ ఎక్సలెంట్ పెట్టుర్రి, పేరు మన కాలేజీదే గదా అనేటోడు. ఈడ సార్ గూడ చెప్పలే, మేమే చెప్పుకున్నం."

పక్కన పళ్ళాలు తుడుస్తున్న కాకినాడ అబ్బాయి అందుకున్నాడు. "ఫైవ్‌తో ఆపేశారండీ వాళ్ళు. సిక్స్ ఉంటే నేను సిక్సే కొట్టుదును."

"అది కాదమ్మా, సర్వేలో మీ పేరు అడగలేదుగా?" అన్నాను.

"మా కాలేజీ మెయిల్‌కే గదా ఆంటీ లింక్ వచ్చింది, ఇగ పేరెందుకు అడుగుతరు? రేపు వర్క్ పర్మిట్‌కు లెటర్ ఇచ్చేది వాళ్ళే. టైంటేబుల్ మంచిగ లేదని రాస్తే, ఈ పిల్లకు చదువు మీద ఇంట్రెస్ట్ లేదంటే? ఏమైతదో ఎవరికెర్క?"

ఆమె గొంతులో నవ్వు పోయింది. కుక్కర్ మూత రెండోసారి తోమడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి సార్ డాష్‌బోర్డ్‌కి మెరుగులు దిద్దుతున్నారు. కోటు కూడా విప్పకుండా చెప్పాను, పేర్లు మాత్రం చెప్పలేదు. ఆయన తెర వైపే చూస్తూ విన్నారు.

"అయితే ఏం చేయమంటావ్? క్లయింటు అడిగింది చేశాం. పిల్లలు నొక్కింది చూపిస్తున్నాం."

"అవును సార్."

"మారమన్నారు, మారానమ్మా. ఈ వయసులో ఎవడు మారతాడు? పచ్చగా తీసుకెళ్తే సంతకం పెడతారు. ఎర్రగా తీసుకెళ్తే, మీ సర్వే ఎందుకూ పనికిరాదంటారు. అప్పుడు నేను బర్నబీ, నువ్వు ఇల్లు."

లోపల ప్రార్థన చేసుకుంటూ నిలబడ్డాను. ఆయన సంపాదనలోనే నేనూ ఇన్నేళ్ళు తిన్నాను. ఇలా చేయండని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే కుర్చీ ఇటు తిప్పారు.

"సరే, అడగాల్సింది అడుగుతా. నీకు అర్థం కానిదేంటి?"

"అందరూ ఇంత సంతోషంగా ఉంటే, కాలేజీ మనల్ని ఎందుకు పిలిచిందో అర్థం కాలేదు సార్."

కింద పళ్ళ డాక్టరుగారి మిషను గుర్రుమంటోంది. సార్ లేచారు. కోటు తీసుకున్నారు. జేబులోని పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. "పద, కాఫీ తాగొద్దాం" అన్నారు.

ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ క్యాంటీన్లో కూర్చున్నాం. కాలేజీవాళ్ళకి చెప్పే కూర్చున్నాం. బయట మంచు, లోపల తడి బూట్ల వాసన, ఎవరో డబ్బాలో తెచ్చుకున్న పులిహోర వాసన. నన్ను చూసి హనుమకొండ అమ్మాయి వచ్చి కూర్చుంది. ఆమె వెనక ఇంకొందరు. సార్ చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు. "పొద్దున ఏ బస్సెక్కావమ్మా?" అన్నారు.

ఆమె ఆయన చేతుల వైపు, ఖాళీ బల్ల వైపు చూసింది. "అంకుల్, మా పేర్లు ఎక్కడ రావు గదా?"

సార్ రెండు అరచేతులూ తిప్పి చూపించారు, జేబులు కూడా తట్టి చూపించారు. "రాయడానికి పెన్ను కూడా లేదు తల్లీ. నా వయసుకి సాయంత్రానికి పేర్లెలాగూ మర్చిపోతా."

ఆ ఒక్క మాటతో వాళ్ళ బెరుకు పోయింది. మేం ఇన్నేళ్ళూ పాటించిన నియమం దేనికో నాకు ఆరోజు తెలిసింది. పెన్ను లేకపోవడం మేం చూడటం నేర్చుకోవడానికి అనుకున్నాను. ఎదుటివాళ్ళు భయపడకుండా ఉండటానికి కూడా అన్నమాట.

ఇక మాటలు ఆగలేదు. ఒకమ్మాయి రెండు బస్సులు మారి వస్తుంది. ఒకడు గోడౌన్లో షిఫ్టు దిగి, బట్టలు మార్చుకోకుండా వస్తాడు. అయినా అసలు విషయం అది కాదు. పొద్దున ఒక క్లాసు, సాయంత్రం ఇంకొకటి, మధ్యలో పగలంతా ఖాళీ, వారంలో ప్రతిరోజూ అదే వరస. ఏ పగలూ పనికి పూర్తిగా దొరకదు, చదువుకీ పూర్తిగా దొరకదు.

"నిన్న పొద్దటి క్లాసుకు రాలే అంకుల్. వస్తే మళ్ళ సాయంత్రం దాక ఈ కుర్చీలనే పండాలె" అందొకమ్మాయి.

"నేనయితే ఈ కుర్చీకి రెంట్ కూడా కట్టొచ్చండీ" అన్నాడు కాకినాడ అబ్బాయి.

క్లాసుల్ని వారంలో కొన్ని రోజులకు దగ్గరగా చేరిస్తే చాలు. అది సర్వేలో ఎవరూ రాయలేదు. రాయడానికి డబ్బా ఉంది, ధైర్యం లేదు.

కారులో సార్, "అర్థం కానిదేంటి?" అనలేదు. "ఆ డాష్‌బోర్డ్ పారేయక్కర్లేదమ్మాయ్. పిల్లలేమన్నారో అది చెప్పలేకపోయింది గానీ, గదులూ గంటలూ అటూ ఇటూ జరిపి చూపించడానికి పనికొస్తుంది" అన్నారు. వారమంతా ఇద్దరం దాంతో కుస్తీ పట్టాం. ఏ గది ఎప్పుడు ఖాళీ, ఏ క్లాసు ఎటు జరుగుతుంది, అంతా తెర మీద బొమ్మలా కదిలేటట్టు చేశారాయన. ఆన్‌లైన్ గురువులు చూసి ఉంటే గర్వపడేవారు.

కాలేజీలో మమ్మల్ని పిలిపించిన డైరెక్టరుగారు నెరిసిన జుట్టు, నిదానమైన మాట ఉన్న కెనడా ఆవిడ. సార్ ముందు ఆ పచ్చటి తెర చూపించారు. "ఇది మీరు అడిగింది. దీన్ని నమ్మొద్దని చెప్పడానికి వచ్చాం" అన్నారు.

"అంటే మీ సర్వే తప్పా?"

"అడిగింది మీ పేరుతో. మీ పేరు చూడగానే వాళ్ళకి పర్మిట్ గుర్తొస్తుంది. అది నేను ముందే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు."

"మీకు ఎవరు చెప్పారు?"

"పేర్లు రాసుకోలేదు."

ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి. సార్ నావైపు తిరిగారు. టైంటేబులు సంగతి నేను చెప్పాను. కాగితం చూడకుండా, అమ్మకి పాఠం అప్పజెప్పినట్టు. క్లాసులు తెర మీద జరుగుతుంటే ఆవిడ ముందుకు వంగి చూశారు. కానీ లేచేటప్పుడు, "ఆలోచిస్తాం" అని మాత్రమే అన్నారు. సంతకం లేదు.

కారులో సార్, "పోయిందమ్మాయ్" అన్నారు. తర్వాత, "పైవాణ్ణి అడగలేదా?" అన్నారు. అందులో ఎగతాళి లేదు.

"అడిగాను సార్. ఆ పిల్లల పేర్లు బయటికి రాకూడదని అడిగాను. రాలేదు కదా."

ఆయన నావైపు చూసి, నవ్వి, కారు స్టార్ట్ చేశారు.

చలికాలం గడిచి కొత్త టర్మ్ మొదలైన ఆదివారం, హనుమకొండ అమ్మాయి చెప్పులు విడవకుండానే వంటింట్లోకి వచ్చేసింది. "ఆంటీ! మూడు రోజులకే పెట్టిండ్రు క్లాసులన్నీ! మూడు రోజులే! ఇగ నేను రాత్రి పండుకుంట ఆంటీ, మనిషి లెక్క పండుకుంట." నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమెను పట్టుకుని, ప్రభువుకి స్తోత్రం అన్నాను. ఆమె కూడా అంది. ఆమె ఏ దేవుణ్ణి తలుచుకుందో నేను అడగలేదు.

ఆ వారంలోనే డైరెక్టరుగారు సార్‌కి ఫోన్ చేశారు. డాష్‌బోర్డ్ చందా వద్దన్నారు. అలాంటిది తామే చేసుకోగలమన్నారు. మీ ఇద్దరూ వారానికొకరోజు వచ్చి మా క్యాంటీన్లో కూర్చోగలరా అని అడిగారు. దాంతో ఆఫీసు నిలబడదు. మాకది తెలుసు. సార్ మాత్రం ఫోన్ పెట్టేసి, గది నాలుగు మూలలూ ఒకసారి చూసి, "ఇంకా ఈ ఆఫీసెందుకమ్మాయ్? కుర్చీ వాళ్ళే ఇస్తున్నారు, కాఫీ కూడా" అన్నారు.

అలా ఖాళీ చేశాం. సార్ బల్ల ఎవరో పట్టుకెళ్ళారు. బైండింగ్ మిషను మీద తువ్వాలు తీస్తే, నిజంగానే దుమ్ము పడలేదు. దాన్ని మా సంఘానికి ఇచ్చేశారు. ఆ ఏడు ఆదివారపు పాటలన్నీ తెలుగు చదవడం మర్చిపోతున్న పిల్లల కోసం పెద్ద అక్షరాల్లో అచ్చుతీసి దానిమీదే బైండ్ చేశాం. అట్టలు మాత్రం నీలం రంగువే. సార్ పెట్టెల కొద్దీ కొనిపెట్టుకున్నారు మరి.

మూడు చలికాలాలు కూర్చున్నాం క్యాంటీన్లో. నా జీవితంలో అంత మంచి పని ఇంకొకటి చేయలేదనిపిస్తుంది. మిగతా కాలేజీలవాళ్ళు కూడా విని పిలిచారు. ఆ తర్వాత పర్మిట్ల నిబంధనలు మారి పిల్లల రాక తగ్గిపోయింది. క్యాంటీన్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. బస్సులో తెలుగు వినబడితే మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తున్నాను. హనుమకొండ అమ్మాయి ఇప్పుడు వాంకూవర్లో ఉద్యోగం చేస్తోంది. కాకినాడ అబ్బాయి పెళ్ళికి నేనే పులిహోర కలిపాను. సార్ బర్నబీ వెళ్ళారు. మనవడు సలహా వినడం లేదట. అయినా అక్కడి కొండమీద యూనివర్సిటీ క్యాంటీన్లో కాఫీ బాగుంటుందని, వారానికొకసారి ఊరికే వెళ్ళి కూర్చుంటానని చెప్పారు. ఊరికే అంటే నేను నమ్మలేదు.

శుక్రవారాలు ఫోన్ చేస్తారు. క్షేమసమాచారాలేవీ ఉండవు, మొదటి మాటే, "ఏంటమ్మాయ్, ఈ వారం అర్థం కానిది?" అని. మొన్న చెప్పాను.

"మన గదిలో గోళ్ళ దుకాణం పెట్టారు కదా సార్. ఇంత చలిలో, అందరూ చేతికి గ్లవుజులు వేసుకునే ఊళ్ళో, రంగులకి అంతమంది ఎందుకు వస్తారో అర్థం కాలేదు."

"బస్సులోంచి చూస్తే ఏం అర్థమవుతుంది? వెళ్ళి కూర్చో."

నేను జీవితంలో గోళ్ళకు రంగు వేసుకోలేదు. అయినా వెళ్ళాను. మెట్లు అవే. సార్ బల్ల ఉండే చోట, కిటికీ పక్కన కుర్చీ చూపించి, ఒకమ్మాయి నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఏ రంగు అని అడిగింది. రంగొద్దమ్మా, గోళ్ళు తీసి శుభ్రం చేస్తే చాలన్నాను. ఆమె నా చెయ్యి వదలకుండానే, మీరు ఈ ఊళ్ళో ఎంతకాలంగా ఉంటున్నారు అంది. పక్క కుర్చీలో ముసలావిడ ఒకరు కళ్ళు మూసుకుని, చేతులు రెండూ ఇంకొకమ్మాయికి అప్పగించి, ఎవరో వింటున్నారన్న నమ్మకంతో ఏదో చెప్పుకుంటూ పోతోంది. కింద డాక్టరుగారి మిషను గుర్రుమంది. నేను నా సంచి మూసి ఒళ్ళో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకున్న అమ్మాయి అడిగినదానికి జవాబు చెప్పడం మొదలుపెట్టాను.